నమోదు కాని దయ్యం

సాగరదర్శన్ టవర్స్‌లో దయ్యాలు లేకపోవడం ఒక లోటని అంతవరకూ ఎవరికీ తోచలేదు. నీళ్ళ లోటుంది. పార్కింగు లోటుంది. ఫ్లాటు కొన్నరోజు బ్రోషర్లో కనిపించిన సముద్రం గృహప్రవేశం నాటి నుంచి కనిపించకుండా పోయిన లోటు మరీ పెద్దది. బాల్కనీలోకి వెళ్తే దర్శనమయ్యేది సాగరం కాదు, రోడ్డవతల గగనవిహార్ టవర్స్ వాళ్ళు ఆరేసుకున్న లుంగీలు. ఆ లుంగీలకు కూడా జనం అలవాటు పడ్డారు. కానీ కిందటేడు ఆ గగనవిహార్ వాళ్ళు హాలోవీన్ అనే పండగ చేసి, పిల్లలకి దయ్యాల వేషాలు కట్టి ఇంటింటికీ తిప్పి, ఆ ఫొటో పేపర్లో జిల్లా పేజీకి ఎక్కించుకున్నారు. అప్పటినుంచి ఇక్కడి ఓనర్లకి నిద్ర పట్టడం మానేసింది. దయ్యాలున్నచోట నిద్ర పట్టకపోవడం లోకంలో ఉన్నదే. లేవని పట్టకపోవడం మాత్రం ఈ టవర్సున్న మధురవాడలోనే మొదలు.

టవర్స్ సంక్షేమ సంఘానికి సెక్రటరీ పరాంకుశం గారు. ఏదో ప్రభుత్వ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆ శాఖ ఏదో ఎవరికీ గుర్తులేదు గానీ అందులో ఆయన రాసిన సర్క్యులర్లు ఇప్పటికీ తిరుగుతున్నాయట. సర్క్యులర్ అన్నాక గుండ్రంగా తిరగాలే తప్ప ఎక్కడికీ చేరకూడదన్నది ఆయన సిద్ధాంతం. అక్టోబరు నెల నడుమ ఆయన కలం నుంచి ఒక సర్క్యులర్ రాలి, లిఫ్టు పక్కన అంటుకుంది.

"ఇందుమూలముగా యావన్మంది నివాసులకు తెలియజేయునది ఏమనగా, ఈ నెలాఖరు సాయంత్రము హాలోవీన్ పండుగ గృహస్థాయిలో విధిగా జరుపబడును. వేషములు ఎవరింట్లో వారు కుట్టుకొనవలెను. బజారులో కొనుగోలు చేసిన దయ్యములు అనుమతించబడవు. తిరుగుదయ్యములుగా పాల్గొనగోరు పిల్లల పేర్లు ఆఫీసునందు నమోదు చేయించుకొనవలెను."

ఆ సర్క్యులర్ ముందు అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డవాడు కూనపులి భీమేశ్వర్. ఇంటిపేరులో పులి ఉంది, పేరులో భీముడున్నాడు. మనిషి మాత్రం ఆ ఇద్దరి దగ్గరా అద్దెకున్నవాడిలా ఒద్దికగా ఉంటాడు. నిజంగానే అద్దెకున్నవాడు. మిక్సీ కొన్నా గీజరు కొన్నా అట్టపెట్టెలో సూచనల పుస్తకం ఒకటి వస్తుంది కదా. మనం దాన్ని విప్పకుండా అటకెక్కిస్తాం కదా. అందులో తెలుగు రాసేది భీమేశ్వరే. ఇంట్లో కూర్చుని చేసుకునే పని. భార్య హైమ బ్యాంకులో ఉద్యోగం. ఒక్కతే కూతురు వకుళ, ఒకటో తరగతి.

"నేను దయ్యాన్నవుతా," అంది వకుళ, ఆ సాయంత్రం కబురు వినగానే.

"ఇప్పుడేం తక్కువా," అంది హైమ, బీరువా తెరుస్తూ.

వెతగ్గా వెతగ్గా భీమేశ్వర్ పెళ్ళినాటి పంచె ఒకటి దొరికింది. తెల్లటి తెలుపు, చుట్టూ జరీ అంచు. పెళ్ళయ్యాక మళ్ళీ కట్టే సందర్భం రాక, అరలో మడతలు పడి పడి అది అప్పటికే సగం దయ్యమై ఉంది. మిగతా సగం హైమ పూర్తిచేసింది. వకుళ నెత్తిమీంచి కప్పి, సుద్దముక్కతో గుర్తుపెట్టి, కళ్ళకి రెండు కంతలు కోసి, చుట్టూ కాజా కుట్టు కుట్టింది.

"దయ్యాలకి జరీ ఉంటుందా అమ్మా?"

"మీ నాన్న నా మెడలో తాళి కట్టినప్పటి పంచె అది. అందులో ఉన్నంత భయం ఇంకే గుడ్డలోనూ ఉండదు. నువ్వు కదలకు, సూది గుచ్చుకుంటుంది."

తలుపు కొట్టి ఏమనాలన్నది తరవాతి సమస్య. స్కూల్లో మిస్ 'ట్రిక్ ఆర్ ట్రీట్' అనమందట. అంటే ఏమిటని వకుళ నాన్ననడిగింది. భీమేశ్వర్ వృత్తిధర్మం మేల్కొంది. గీజరు ముందు కూర్చున్నంత శ్రద్ధగా కాసేపు ఆలోచించి, "పెడతారా, భయపెట్టమంటారా," అని తేల్చాడు.

ఆ క్షణం నుంచి ఇంట్లో శాంతి లేదు. వకుళ పంచె కప్పుకుని ఫ్రిజ్‌ని అడిగింది, వాషింగ్ మెషీన్‌ని అడిగింది, కొరియరు తెచ్చినవాణ్ణి అడిగింది. తండ్రినడిగితే రెండూ వద్దమ్మా అన్నాడు. రెండింట్లో ఒకటి కోరుకోవాలి నాన్నా, అదే రూలు అంది. రూళ్ళ టవర్లో పెరుగుతున్న పిల్ల.

మర్నాడు భీమేశ్వర్ ఆఫీసుకి వెళ్ళాడు. పరాంకుశం గారు కలం పట్టుకుని కూర్చున్నారు.

"దయ్యం పేరు?"

"వకుళండి."

"రకం?"

"మామూలు దయ్యమేనండి."

"ఓనరా, టెనెంటా?"

"టెనెంటండి."

కలం ఆగింది. పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడిచారంటే ఎవరికో కళ్ళు తుడుచుకునే పని పడుతుందని టవర్లో అందరికీ తెలుసు.

"చూడండి భీమేశ్వర్ గారూ. కారిడార్ అన్నది ఉమ్మడి ఆస్తి. అందులో ఓనర్లకి అవిభాజ్యమైన వాటా ఉంటుంది. మీకు కారిడార్లో నడిచి మీ ఇంటికి మీరు వెళ్ళే సౌకర్యం కల్పించాం. అంతేగాని ఇంకొకరి గుమ్మం ముందు నిలబడి భయపెట్టే హక్కు లేదు. నడక వేరు, నిలకడ వేరు."

"ఆరేళ్ళ పిల్లండి."

"దయ్యానికి వయోపరిమితి బైలాస్‌లో లేదు."

"మరైతే టెనెంట్లు ఈ పండగ చేసుకోకూడదాండి?"

"ఎవరన్నారు ఆ మాట? విధిగా చేసుకోవాలి. వేషం వేసుకుని మీ గుమ్మంలో మీరు నిలబడి, వచ్చిన దయ్యాలకి చాక్లెట్లు ఇవ్వాలి. ఇవ్వడం దగ్గర మాకు ఎలాంటి భేదభావమూ లేదు. పుచ్చుకోవడం దగ్గరే. ఉల్లంఘిస్తే మీ ఓనరుకి నోటీసు వెళ్తుంది."

బయట స్టూలు మీద కూర్చున్న సెక్యూరిటీ పైడిరాజు అంతా విన్నాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఈ గేటు కాస్తున్నవాడు.

"ఏటండీ బాబూ, పాపకి దయ్యం శాంక్షన్ అవ్వలేదా?"

"పరిశీలనలో ఉందట," అన్నాడు భీమేశ్వర్. అబద్ధమాడి అలవాటు లేనివాడు కనుక సర్కారీ మాట అరువు తెచ్చుకున్నాడు.

ఇంటికొస్తే వకుళ గుమ్మం దగ్గరే ఉంది. "రాశావా నా పేరు?" అంది. ఆమెతో కూడా పరిశీలనలో ఉందనే చెప్పాడు. అంటే ఏమిటని ఆమె అడగలేదు. మాట గొప్పగా ఉంది కాబట్టి మంచిదే అయుంటుందనుకుంది.

ఇక్కడ గుమ్మడికాయ ప్రవేశం.

సంఘంలో సాంస్కృతిక కార్యదర్శి మృదుల మేడమ్. ఆమె ఫోనులో ఏదో చూసి, హాలోవీన్ అంటే గుమ్మడికాయకి కన్నూ ముక్కూ నోరూ చెక్కి లోపల దీపం పెట్టాలని కనుక్కుంది. గుమ్మానికొక గుమ్మడి అని తీర్మానమైంది. లారీడు గుమ్మడికాయలు దిగాయి. ప్రతి ఇంటి ముందూ ఒక మంచి గుమ్మడికాయ వచ్చి కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. మూడు రోజులైనా ఒక్క కాయ మీదా ఒక్క గాటు పడలేదు.

కారణం కనుక్కోవడానికి మృదుల మేడమ్ అంతస్తులన్నీ తిరిగింది. అయిదో అంతస్తు భ్రమరాంబ గారి దగ్గర తెలిసింది. భ్రమరాంబ గారు టవర్లో అందరికంటే పెద్దావిడ. హాలోవీన్ అన్న మాట మొదటిసారి విన్నప్పుడు "హాల్లో వీణా? మంచిదే, నేనూ వచ్చి కూర్చుంటాను," అన్న మనిషి.

"ఆడవాళ్ళు గుమ్మడికాయ మీద మొదటి కత్తి పెట్టకూడదమ్మా," అంది ఆవిడ. "మగాడు ఒక్క వేటు వేస్తే చాలు. తరవాత కన్నులు చెక్కుతామో, కూరే వండుతామో మేం చూసుకుంటాం."

"ఇవన్నీ ఇంకా పాటిస్తున్నారా ఆంటీ?"

"నీ గుమ్మం ముందు కాయ కోశావా?"

మృదుల మేడమ్ ఫోనులోకి చూసుకుంది. ఆమెదీ కోయలేదు. వాళ్ళమ్మ ఫోన్ చేసి మరీ వద్దంది.

మగవాళ్ళు కోస్తే సరిపోతుంది. కానీ మగవాళ్ళు పొద్దున్నే ఆఫీసులకి పోయి దీపాలు పెట్టాక వస్తారు. దీపాలు పెట్టాక గుమ్మడికాయ కోయకూడదు. ఆదివారం కోద్దామంటే అది అమావాస్య అయి కూర్చుంది. పగలు ఇంట్లో ఉండే రిటైరైన వాళ్ళని కదిపి చూశారు. జడ్జిగారు కోత మీద స్టే ఇవ్వగలనన్నారు గానీ కోయలేనన్నారు. సర్జన్ గారు కోస్తానన్నారు గానీ ముందు కాయ తరఫువాళ్ళెవరైనా సంతకం పెట్టాలన్నారు. పరాంకుశం గారికి భుజం పట్టేసింది. కోతలు కోసేవాళ్ళకి టవర్లో కరువు లేదు, కాయ కోసేవాడే కనిపించలేదు.

భ్రమరాంబ గారు వచ్చి భీమేశ్వర్ తలుపు కొట్టింది.

"భీమేశ్వరం, ఇంట్లోనే ఉన్నావా నాయనా?"

"ఉన్నానండి పిన్నిగారూ."

"పగలంతా ఉంటావు కదూ?"

"ఉంటానండి."

"మగాడివే కదా?"

"అలాగే అనుకుంటున్నానండి. హైమ వచ్చాక కనుక్కుని చెప్తాను."

"కనుక్కునే వ్యవధి లేదు. కత్తిపీట తెచ్చాను, పద."

ఆవిడ ఇంటి కాయ కోసి భీమేశ్వర్ తిరిగొచ్చేసరికి తన ఇంటిముందు ఆడవాళ్ళు వరస కట్టి ఉన్నారు. వరస వెనక పరాంకుశం గారున్నారు. సంఘం తరఫున ఈ సేవ కొనసాగించాలని కోరారు. భీమేశ్వర్ జన్మలో ఎవరికీ షరతు పెట్టలేదు. రాసే పుస్తకాల్లో కూడా 'చేయరాదు' అన్నచోట 'చేయకుండా ఉంటే మంచిది' అని రాసే రకం. అలాంటివాడు ఆ రోజు కత్తిపీట ముందు కూర్చుని, కూర్చున్న ధైర్యంతో, అడిగేశాడు.

"మా వకుళని తిరగనిస్తేనేనండి."

పరాంకుశం గారు దీర్ఘంగా ఆలోచించారు.

"టెనెంటుగా వీలు కాదు. అయితే పదవి ఇస్తే, కారిడార్లో నిలబడే అధికారం పదవితోపాటే వస్తుంది. మిమ్మల్ని ప్రథమ ఛేదన అధికారిగా నియమిస్తున్నాం."

"ఆ అధికారం మా అమ్మాయికీ వర్తిస్తుందాండి?"

"వర్తించకపోవడానికి ప్రస్తుతం కారణం కనిపించడం లేదు."

ఆ 'ప్రస్తుతం' అన్న మాటని భీమేశ్వర్ పట్టించుకోలేదు. ఊళ్ళోవాళ్ళందరికీ జాగ్రత్తలు రాసేవాడు తన జాగ్రత్త తను చూసుకోలేకపోయాడు. మెడలో బిళ్ళ వేశారు. 'పేరు: కూనపులి భీమేశ్వర్. హోదా: ప్ర.ఛే.అ.' అని దాని మీద అచ్చయింది.

ఆ తరవాత ఆయన పగళ్ళు అంతస్తులవారీగా గడిచాయి. తలుపు తెరుచుకునేది, పీట వేసేవారు, కాయ తెచ్చి ముందుపెట్టేవారు, ఆయన ఒక్క గాటు పెట్టేవాడు. ఒకావిడ పసుపు రాసి పెట్టింది. ఒకావిడ తూర్పు తిరిగి కూర్చోమంది. ఇంకొకావిడ ఎలాగూ వచ్చారు కదాని కొబ్బరికాయ కొట్టించి, ఊరగాయ జాడీ మూత తీయించి, అటక మీంచి ఇడ్లీ పాత్ర దింపించింది. గుమ్మడికాయలు మొహాలైపోతే, తీసిన గుజ్జు దప్పళమైంది, హల్వా అయింది, పచ్చడైంది. ఇంటింటా ఒక గిన్నె ఆయన చేతిలో పెట్టారు. "పదవి వచ్చాక మీ నాన్న రంగు తేలాడే," అంది హైమ, వరసగా నాలుగోరాత్రి దప్పళం వడ్డిస్తూ. తేలాడు నిజమే, పసుపురంగు.

వకుళకి ఆ రంగుతో పనిలేదు. "పరిశీలన అయిపోయిందా?" అంది. అయిపోయిందన్నాడు. నువ్వు తిరుగుతున్నావు అన్నాడు. ఆ పిల్ల పంచె కప్పుకుని ఇల్లంతా ఎంత గెంతిందంటే కింది ఫ్లాటు వాళ్ళు గ్రూపులో ఫిర్యాదు పెట్టారు.

చివరి కాయలు కోసి వస్తున్న రోజున ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. పరాంకుశం గారు కళ్ళజోడు తుడుస్తున్నారు.

"కారణం కనిపించింది భీమేశ్వర్ గారూ."

"ఏ కారణమండి?"

"పదవిలో ఉన్నవారి సంతానం లబ్ధిదారులు కావడం స్వప్రయోజన దోషం. మీరు అధికారి. దయ్యాలు చాక్లెట్లు పొందుతాయి, అంటే లబ్ధి. మీ అమ్మాయి అనర్హురాలు."

"రాజీనామా చేస్తానండి."

"చేయొచ్చు. ఆమోదించడానికి సర్వసభ్య సమావేశం కావాలి. అది పండగ తరవాత. ఈలోగా ఆమోదించినా మీరు మళ్ళీ టెనెంట్ అవుతారు. ఎటు చూసినా మీ కేసు చాలా స్పష్టంగా ఉంది."

జవాబుగా అనడానికి ఏదో ఒకటి వెతుక్కుంటూ భీమేశ్వర్ గోడవైపు చూస్తే అక్కడ ఇంకో సర్క్యులర్ కనిపించింది. పండుగ సాయంత్రము దీపము పెట్టినది మొదలు తనిఖీ పూర్తగు వరకు ప్రతి కుటుంబము పిల్లలతో సహా వేషధారణలో తమ తమ గుమ్మమునందు హాజరై యుండవలెను, అని. చదివి, వృత్తిదోషం కొద్దీ, ఆయన ఒక మాట అడిగాడు.

"సార్, పిల్లలతో సహా అందరూ గుమ్మాల్లో నిలబడితే, వచ్చేదెవరండి?"

"దయ్యాలు."

"ఆ దయ్యాలు ఈ పిల్లలే కదండీ."

"గుమ్మంలో ఉన్నప్పుడు వాళ్ళు కుటుంబ సభ్యులు. కారిడార్లో ఉన్నప్పుడు దయ్యాలు. రెండూ రెండు హోదాలు."

"ఒకే పిల్లాడు ఒకేసారి రెండుచోట్లా..."

"అది అమలు దశలో చూసుకుంటాం."

ఆ రాత్రి వకుళకి చెప్పక తప్పలేదు. నువ్వు తిరగడానికి లేదమ్మా, మన గుమ్మంలోనే నిలబడి అందరికీ నువ్వే చిక్కీలు పంచుతావు, చూడు ఎంత బావుంటుందో అన్నాడు. ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బావుండుననిపించింది ఆయనకి. పంచె మడతపెట్టి, మడత సరిగ్గా రాక మళ్ళీ విప్పి, మళ్ళీ పెట్టి, "మరి నేనెవర్ని అడగాలి, పెడతారా అని?" అంది.

పండగ సాయంత్రం వచ్చింది. నెలాఖరు కాబట్టి హైమ బ్యాంకులో ఇరుక్కుపోయింది. దీపాలు పెట్టగానే టవరంతా తలుపులు తెరుచుకున్నాయి. ప్రతి గుమ్మంలోనూ గుమ్మడి మొహం లోపల దీపం, వెనక కుటుంబం. ఇంట్లోనే కుట్టుకున్న వేషాలు. ఒకాయన దోమతెర కప్పుకుని మోహిని అయ్యాడు. ఒకావిడ నైటీకి బొగ్గు పూసుకుంది. జడ్జిగారు తన పాత నల్ల గౌను వేసుకుని, ఏ మార్పూ చేయకుండా, అందర్నీ హడలగొట్టారు. పిల్లలందరికీ ఎముకలు, కోరలు, రక్తపు చారలు. అందరి చేతుల్లోనూ చాక్లెట్ల పళ్ళేలు. అందరూ సిద్ధంగా నిలబడి దయ్యాల కోసం ఎదురుచూశారు.

దయ్యాలు రాలేదు. వచ్చింది తనిఖీ బృందం. ప్రతి గుమ్మంలో కుటుంబం హాజరు, నమోదైన దయ్యం హాజరు అని టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయింది. తనిఖీ పూర్తయిందన్న ప్రకటన ఎవరు చేయాలో నిర్ణయం కాలేదు కాబట్టి ఎవరూ కదల్లేదు. పిల్లలు గుమ్మాల్లో కాళ్ళు మార్చుకుంటున్నారు. కారిడార్లన్నీ ఖాళీ. ఒక దయ్యం ఆవులించింది.

అప్పుడే పై అంతస్తు నుంచి కబురు. ఒక కాయ కోయకుండా మిగిలిపోయిందట, ప్ర.ఛే.అ. గారు వెంటనే రావాలట. దీపాలు పెట్టేశారు కదండీ అంటే, దేవుడికి దణ్ణం పెట్టుకుని కోసేమని భ్రమరాంబ గారు సడలింపు ఇచ్చిందట. "ఇక్కడే ఉండమ్మా, అయిదు నిమిషాల్లో వచ్చేస్తా," అని వకుళకి చెప్పి ఆయన కత్తిపీట పట్టుకుని మెట్లెక్కాడు.

తిరిగొచ్చేసరికి గుమ్మంలో స్టూలు ఉంది. స్టూలు మీద చిక్కీల పళ్ళెం ఉంది. వకుళ లేదు.

పిలుద్దామని నోరు తెరిచాడు. పిలిస్తే టవరంతటికీ తెలుస్తుంది. నోరు మూసుకుని మెట్ల దగ్గరికి పరిగెత్తాడు. కింది అంతస్తు నుంచి గొంతు వినిపించింది, ముద్దగా, పంచెలోంచి.

"పెడతారా, భయపెట్టమంటారా?"

"అమ్మో, పెడతాం తల్లీ, పెడతాం. ఎంతసేపటినుంచి చూస్తున్నామే నీకోసం. ఒరే, పళ్ళెం ఇటు తే."

ఆయన మెట్ల మలుపులో మంటలార్పే డబ్బా పక్కన నక్కి చూశాడు. తెల్లటి పంచె ఒకటి జరీ అంచు నేల ఊడుస్తూ గుమ్మం గుమ్మానికీ వెళ్తోంది. అది ఆగిన చోటల్లా మొహాలు వెలుగుతున్నాయి. ఓనర్లు, ఓనర్ల భార్యలు, నమోదైన దయ్యాలు, అందరూ చేతులు చాచి ఇస్తున్నారు. వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేయాలి. ఒక్క అడుగు వేశాడు కూడా. అప్పటికే అది పరాంకుశం గారి గుమ్మం చేరింది.

పరాంకుశం గారు యమధర్మరాజు వేషంలో ఉన్నారు. అట్టతో కిరీటం, భార్య పట్టుచీర పంచెకట్టు, భుజం మీద అట్ట గద. దీపాలు పెట్టినప్పటినుంచీ నిలబడి నిలబడి ఆయన కిరీటం చెవి మీదికి జారింది. చేతిలోని గిన్నెలో ఒక్క చాక్లెట్టూ తరగలేదు.

"పెడతారా, భయపెట్టమంటారా?" అంది దయ్యం.

యముడు వంగాడు. ఓనరా టెనెంటా అని అడగలేదు. రకం అడగలేదు. "భయపెట్టు చూద్దాం," అన్నాడు. దయ్యం బూ అంది. యముడు గుండె పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసి, నవ్వాడు. గిన్నె గిన్నెంతా దయ్యం సంచీలో వంచేశాడు. ఆయన నవ్వడం సాగరదర్శన్‌లో అదే మొదటిసారి. భీమేశ్వర్ వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

చివరికి భ్రమరాంబ గారి గుమ్మం. ఆవిడ ఆ దయ్యాన్ని పైనుంచి కిందికి చూసింది. పంచె కింద పట్టీలు పెట్టుకున్న చిన్న పాదాల దగ్గర చూపు ఒక క్షణం ఆగింది. లోపలికి వెళ్ళి సున్నుండలు తెచ్చి, పంచె లోపలికి చెయ్యి పోనిచ్చి, నోట్లోనే ఒకటి పెట్టింది.

మర్నాడు పొద్దున్నే అత్యవసర సమావేశం. ప్ర.ఛే.అ. హోదాలో భీమేశ్వర్ కూడా వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. ఓనరుకి నోటీసు వెళ్తే ఇల్లు ఎక్కడ వెతుక్కోవాలో రాత్రే హైమతో మాట్లాడుకున్నాడు.

పరాంకుశం గారు లేచారు.

"నిన్న సాయంత్రం మన టవర్లో ఒక దయ్యం సంచరించింది. దాదాపు అన్ని ఇళ్ళవారూ చూశారు. నేనూ చూశాను. తనిఖీ నివేదిక ప్రకారం నమోదైన దయ్యాలన్నీ అదే సమయానికి తమ తమ గుమ్మాల్లో ఉన్నాయి. కనుక వచ్చినది నమోదు కాని దయ్యం."

"ఎవరైనా టెనెంట్ల పిల్లలేమో సార్," అంది మృదుల మేడమ్.

భీమేశ్వర్ మెడలో బిళ్ళని చొక్కాలోకి తోసుకున్నాడు.

"టెనెంట్ల పిల్లలు తిరగరాదని మనం ఉత్తర్వు ఇచ్చాం మేడమ్. మన ఉత్తర్వు అమలు కాలేదని మీరు రికార్డు చేయించదలుచుకున్నారా?"

మృదుల మేడమ్ చేయించదలుచుకోలేదు.

"ఓనర్ల పిల్లలు కారు. టెనెంట్ల పిల్లలు కావడానికి వీల్లేదు. బయటివాళ్ళు కారు, గేటు దాటి ఎవరూ రాలేదని సెక్యూరిటీ చెప్తున్నాడు. మిగిలింది ఒక్కటే. అది అసలు దయ్యం."

హాల్లో కలకలం. ఫ్లాట్ల ధరలు పడిపోతాయని ఒకరు, శాంతి చేయించాలని ఒకరు లేచారు. గుమ్మడికాయ పెట్టిన గుమ్మంలోకి దయ్యమెలా వచ్చిందని సర్జన్ గారు అడిగారు. అందరూ ప్ర.ఛే.అ. వైపు తిరిగారు. భీమేశ్వర్ లేచి నిలబడ్డాడు. నిజం చెప్పేద్దామనే లేచాడు.

"అది దయ్యం కాదండి, అది మా..."

"కాకేం, నేను చూశానుగా," అంది భ్రమరాంబ గారు ముందు వరసలోంచి, వెనక్కి తిరక్కుండానే. "పాదాలు వెనక్కున్నాయి. మంచి వంశం దయ్యం. జరీ అంచు ఉంది. పెట్టింది తిని, దణ్ణం పెట్టి వెళ్ళింది. భీమేశ్వరం, నువ్వు కూర్చో నాయనా, కాయలు కోసి కోసి అలిసిపోయావు."

భీమేశ్వర్ కూర్చున్నాడు.

మృదుల మేడమ్‌కి అప్పుడు మెరుపు మెరిసింది. గగనవిహార్ వాళ్ళకి ఉన్నవన్నీ వేషాలేనని, అసలుది ఉన్నది మనకొక్కరికేనని గుర్తుచేసింది. కలకలం కరిగి కరతాళాలైంది. దయ్యాన్ని పంపేయాలన్నవాళ్ళే ఉంచుకోవాలన్నారు. ఉంచుకుంటే హోదా ఏమిటన్న ప్రశ్న వచ్చింది. జడ్జిగారు గొంతు సవరించుకున్నారు.

"దానికి అగ్రిమెంటు ఉందా?"

"లేదు," అన్నారు పరాంకుశం గారు.

"ఖాళీ చేయించగలమా?"

"ఎవరివల్లా కాదు."

"అయితే అది టెనెంటు ఎలా అవుతుంది?"

ఎవరికీ సందేహం మిగల్లేదు. తీర్మానం అక్కడికక్కడే రాశారు. సదరు దయ్యమును శాశ్వత నివాసిగా గుర్తించడమైనది. క్లబ్‌హౌస్, పార్కు, ఊయలలు వగైరా ఉమ్మడి సౌకర్యములను ఓనర్లతో సమానముగా ఏ వేళనైనను వినియోగించుకొనుటకు సదరు దయ్యమునకు అనుమతి ఇవ్వడమైనది. టెనెంట్ల పిల్లలు ఊయల ఎక్కాలంటే మిట్టమధ్యాహ్నం ఎండలో ఎక్కాలి. కాబట్టి దయ్యానికిది మర్యాద కిందే లెక్క.

భీమేశ్వర్ ఇంటికొచ్చి ఆ తీర్మానాన్ని గీజరు పుస్తకంలా విడమరిచి వకుళకి చెప్పాడు. వకుళ చాక్లెట్టు నములుతూ ఒకే సందేహం అడిగింది.

"అయితే సాయంత్రం పూట ఊయల ఎక్కొచ్చా?"

"నువ్వు ఎక్కకూడదు. దయ్యం ఎక్కొచ్చు."

వకుళ బీరువా దగ్గరికి వెళ్ళింది. కంతలు కళ్ళ ముందుకి వచ్చేట్టు పంచె సర్దింది ఆయనే.

సాయంత్రం పార్కులో ఊయల ఊగుతున్న దయ్యాన్ని చూడటానికి ఓనర్లు బాల్కనీల్లోకి వచ్చి దణ్ణాలు పెట్టారు. మృదుల మేడమ్ పేపరువాళ్ళకి ఫోన్ చేసింది. కాసేపటికి మూడో అంతస్తు టెనెంట్ల ఇంట్లోంచి తెల్ల దుప్పటి ఒకటి దిగి జారుడుబల్ల ఎక్కింది. ఏడో అంతస్తు నుంచి దిండు గలీబు వచ్చింది. ఆ తరవాత బెడ్‌షీట్లు, తువ్వాళ్ళు, ఒక టేబుల్ క్లాతు. పార్కంతా తెల్లబడింది.

పరాంకుశం గారు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా దిగివచ్చారు. పార్కు గేటు తెరిచి పట్టుకుని నిలబడ్డ పైడిరాజుని నిలదీశారు.

"తీర్మానం ఒక్క దయ్యానికే కదయ్యా. ఇన్నిటిని ఎలా వదిలావు?"

"నాను ఆపీస్తానండి బాబూ," అన్నాడు పైడిరాజు వినయంగా. "ఇందులో మీరు తీర్మానం సేసిన దయ్యం ఏదో కొంచెం సూపించండి. మిగతావాటిని ఆపీస్తాను."